ప్రమాణ్ ఐడీ వచ్చింది, మరి పెన్షన్ ఎందుకు ఆగింది? లైఫ్ సర్టిఫికెట్ తిరస్కరణలు, గడువులు, వేలిముద్రల తంటాలు

#1 కృష్ణాతీరం

నవంబర్ వచ్చిందంటే పెన్షనర్లకి ఇదే హడావిడి, బతికే ఉన్నామన్న రుజువుగా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం. నెట్ సెంటర్‌కి వెళ్లి వేలు పెట్టడం, ఫోన్‌కి ప్రమాణ్ ఐడీ అనే నంబరుతో మెసేజ్ రావడం, "అయిపోయింది" అనుకుని ఆ చీటీ బీరువాలో పడెయ్యడం. తీరా డిసెంబర్ నెలాఖరుకి చూసుకుంటే ఖాతాలో పెన్షన్ ఉండదు. బ్యాంకుకి వెళ్తే "లైఫ్ సర్టిఫికెట్ మాకు రాలేదండీ" అంటారు. చేతిలో ప్రమాణ్ ఐడీ పెట్టుకుని కూడా రాలేదనిపించుకోవడం ఏమిటి? అసలు ఎక్కడ తెగుతోంది? తెలిసినవాళ్లు విడమరిచి రాస్తే ఈ పోస్టుని పైన పిన్ చేస్తాను. ఏ పెన్షన్‌కి ఏ గడువో కూడా రాయండి. కేంద్రం, రాష్ట్రం, పీఎఫ్ మూడింటినీ కలిపేసుకుని గందరగోళపడేవాళ్లే ఎక్కువ.

#2 పాతలెడ్జర్

తెగేది ఒక్కచోటే. కాకపోతే అది పెన్షనర్ కంటికి కనపడని చోటు.

ప్రమాణ్ ఐడీ అంటే రసీదు, అంతే. మీ వేలో ముఖమో ఆధార్‌తో సరిపోయింది, సర్టిఫికెట్ తయారై జీవన్ ప్రమాణ్ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ వ్యవస్థ) సర్వర్‌లో చేరింది. దానర్థం అంతవరకే. అక్కణ్ణించి మీకు పెన్షన్ ఇచ్చే సంస్థ (బ్యాంకు, ట్రెజరీ, పీఎఫ్ ఆఫీసు, మిలిటరీవాళ్లకైతే స్పర్శ్) దాన్ని తీసుకుని తన రికార్డుతో సరిచూసుకుంటుంది. కుదిరితే ఆమోదం, కుదరకపోతే తిరస్కారం. ఉత్తరం పోస్టు డబ్బాలో వేసినంత మాత్రాన చేరినట్టు కాదు కదా.

సరిచూసేటప్పుడు తేడా కొట్టేవి ఇవి: పీపీవో (పెన్షన్ చెల్లించమని ఇచ్చే ఉత్తర్వు) నంబరు, ఖాతా నంబరు, పెన్షన్ రకం (సర్వీసా, ఫ్యామిలీయా), పెన్షన్ మంజూరు చేసిన సంస్థ, పెన్షన్ చెల్లించే సంస్థ. వీటిలో ఒక్కటి తప్పినా ఆధార్‌కి సంబంధం లేదు, కాబట్టి ఐడీ మాత్రం చక్కగా వస్తుంది. అందుకే జనం మోసపోతారు.

ఇంకోటి. ఆ బ్యాంకులో పెన్షన్ ఖాతాకి ఆధార్ నమోదై ఉండాలి. గ్యాస్ సబ్సిడీ కోసం వేరే బ్యాంకులో ఇచ్చాం కదా అంటే కుదరదు.

#3 మీసేవకిటికీ

పాతలెడ్జర్ గారు చెప్పిందానికి కౌంటర్ వైపు నుంచి కొంచెం కలుపుతాను.

పెన్షనర్లు తెచ్చేది పాస్‌బుక్, ఆధార్ రెండే. పీపీవో కాపీ తేరు. "పోయినేడాది ఇక్కడే చేయించాం, మీ దగ్గర ఉండే ఉంటుంది" అంటారు. ఆపరేటర్ పాస్‌బుక్ మీద కనపడ్డ ఏదో నంబరు కొట్టేస్తాడు. కొన్ని పాస్‌బుక్‌ల మీద పీపీవో నంబరు రాసి ఉంటుంది, కొన్నిటి మీద ఉండదు, ఉన్నది కస్టమర్ ఐడీ అయి ఉంటుంది. సగం తిరస్కారాలు ఇక్కడే పుడతాయి.

కేంద్ర ప్రభుత్వ సివిల్ పెన్షన్ పీపీవోకి 12 అంకెలు. మొదటి 5 పీపీవో ఇచ్చిన ఆఫీసు కోడ్, తర్వాతి 2 సంవత్సరం, ఆ తర్వాతి 4 వరుస సంఖ్య, చివరిది సరిచూసుకునే అంకె. అంటే 6, 7 స్థానాల్లో అంకెలు పీపీవో ఇచ్చిన ఏడాదితో కుదరాలి. 2009లో ఇచ్చిన పీపీవోకి అక్కడ 09 కాకుండా ఇంకేదో ఉంటే టైపింగ్ తప్పని అక్కడికక్కడే పట్టుకోవచ్చు.

స్క్రీన్ మీద ఇంకో రెండు ప్రశ్నలు ఉంటాయి: మళ్లీ ఉద్యోగంలో చేరారా, మళ్లీ పెళ్లి చేసుకున్నారా. తొందరలో దేనికైనా "అవును" నొక్కితే కథ మారిపోతుంది. ఆ రెండు వర్గాలవాళ్లకి డిజిటల్ సర్టిఫికెట్ చెల్లదు, కాగితం మీదే ఇవ్వాలి. కాబట్టి ఆపరేటర్ సబ్మిట్ నొక్కేముందు స్క్రీన్ మీవైపు తిప్పమనండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

#4 వేపచెట్టు

రెండు పెన్షన్లు ఉన్నవాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. అమ్మగారు టీచర్‌గా రిటైరయ్యారు, నాన్నగారు పోయాక ఆయన ఫ్యామిలీ పెన్షన్ కూడా వస్తోంది అనుకోండి. ఒక్కసారి వేలు పెడితే రెండింటికీ సరిపోతుందా?

#5 పాతలెడ్జర్

సరిపోదండీ. ఒక్కో పీపీవోకి ఒక్కో సర్టిఫికెట్. మనిషి ఒకరే, ఆధార్ ఒకటే, బ్యాంకు కూడా ఒకటే కావచ్చు. అయినా రెండుసార్లు చెయ్యాలి, రెండు ప్రమాణ్ ఐడీలు రావాలి. మొదటిదానికి "సర్వీస్", రెండోదానికి "ఫ్యామిలీ" ఎంచుకోవాలి. రెండిట్లోనూ "సర్వీస్" కొట్టేస్తే ఫ్యామిలీ పెన్షన్ ఆగుతుంది.

నాన్నగారు రైల్వేలోనో కేంద్రంలోనో చేసి, అమ్మగారు రాష్ట్ర ప్రభుత్వ టీచర్ అయితే గడువులు కూడా వేరు. ఒకటి నవంబర్‌లో, రెండోది రాష్ట్రం లెక్క ప్రకారం.

#6 ఉప్పల్‌రోడ్

గడువుల సంగతి నేను రాస్త.

కేంద్ర పెన్షనర్లకు నవంబర్ 1 నుంచి 30. 80 ఏండ్లు నిండినోళ్లకు అక్టోబర్ 1 నుంచే అవకాశం ఉంది, అక్టోబర్‌ల ఇచ్చినా వచ్చే ఏడాది నవంబర్ 30 దాకా చెల్లుతది. నెల ముందు ఇస్తే నెల ముందే అయిపోతదని భయపడాల్సిన పని లేదు.

తెలంగాణ ప్రభుత్వ పెన్షనర్లకు నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా. టీ యాప్ ఫోలియో అనే రాష్ట్ర ప్రభుత్వ యాప్‌ల సెల్ఫీ దిగి కూడా పంపొచ్చు, 2019 నుంచి ఉన్నదే.

ఆంధ్రప్రదేశ్ పెన్షనర్లకు జనవరి 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు. ఇక్కడనే చాలామంది దెబ్బతింటరు. హైదరాబాద్‌ల ఉంటరు, పెన్షన్ మాత్రం ఆంధ్ర ట్రెజరీ నుంచి వస్తది. పక్కింటాయన నవంబర్‌ల ఇచ్చిండని వీళ్లూ నవంబర్‌ల ఇస్తరు. అది లెక్కకు రాదు, జనవరి 1 తర్వాత మళ్లీ ఇయ్యాలె. మీరు ఏ ఊళ్ల ఉంటున్నరన్నది కాదు, పైసలు ఏ ట్రెజరీ నుంచి వస్తున్నయన్నదే లెక్క.

#7 బాయిలర్‌గేట్

పీఎఫ్ పెన్షన్ (ఈపీఎస్ 95) కూడా నవంబరే కదా? మా కాలనీలో అందరూ అదే అంటున్నారు.

#8 పాతలెడ్జర్

ఒకప్పుడు అంతే, ఇప్పుడు కాదు. ఈపీఎస్ పెన్షనర్ ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. జులైలో ఇస్తే మళ్లీ జులైకి ముందు ఇవ్వాలి. నవంబర్ దాకా ఆగుదామనుకుంటే ఆగస్టు నుంచి పెన్షన్ నిలిచిపోతుంది.

అది తప్పించుకోవడానికి ఒక చిన్న పని చెయ్యండి. పాత సర్టిఫికెట్ ప్రింటు తీసి, దాని మీద ఉన్న తేదీకి నెల ముందు తేదీని గోడ క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టండి. కొత్త క్యాలెండర్ వచ్చిన రోజే ఆ పని చెయ్యాలి, లేకపోతే పాత క్యాలెండర్‌తోపాటే పోతుంది.

#9 మీసేవకిటికీ

పీఎఫ్‌లో ఇంకో చిక్కు పీపీవో నంబరే. పాత కాగితాల మీద అక్షరాలు, గీతలు కలిసిన నంబర్లు ఉంటాయి. జీవన్ ప్రమాణ్‌లో కొట్టాల్సింది 12 అంకెలది. పీఎఫ్ వెబ్‌సైట్‌లో పెన్షనర్ల పేజీలో బ్యాంకు ఖాతా నంబరుతోనో, పీఎఫ్ నంబరుతోనో పీపీవో వెతుక్కోవచ్చు. కౌంటర్‌కి వచ్చేముందే అది చూసి కాగితం మీద రాసుకు రండి.

#10 సముద్రంఅవతల

డల్లాస్‌లోనో సిడ్నీలోనో పిల్లల దగ్గరున్నప్పుడు నవంబర్ వస్తే ఏం చెయ్యాలి? టికెట్ మార్చుకుని వెనక్కి వెళ్లిపోవాల్సిందేనా?

#11 పాతలెడ్జర్

అవసరం లేదండీ. దారులు రెండు.

మొదటిది, ఫోన్‌లో ముఖం స్కాన్. 2021 నవంబర్ నుంచి ఉంది. అక్కడ వచ్చే ఇబ్బందల్లా ఓటీపీ. ఇండియా నంబరుకి రోమింగ్ వేయించుకుని వెళ్లాలి. వెళ్లాక వేయిద్దామంటే ఆ పనికి కూడా ఓటీపీయే అడుగుతుంది.

రెండోది, కాగితం. మన రాయబార కార్యాలయం అధికారో, అక్కడి నోటరీయో, మేజిస్ట్రేటో, బ్యాంకు అధికారో సంతకం చేసిన లైఫ్ సర్టిఫికెట్ పంపితే మనిషి స్వయంగా రావక్కర్లేదు. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి హ్యూస్టన్ కాన్సులేట్. కాగితం మీద పీపీవో నంబరు, పెన్షన్ ఖాతా నంబరు స్పష్టంగా ఉండాలి. స్కాన్ కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకుని, అసలుది కొరియర్‌లో పంపండి.

స్టేట్ బ్యాంకు పెన్షనర్లకి వీడియో కాల్ పద్ధతి కూడా ఉంది, అది 2021 నుంచే. పాన్ కార్డు అసలుది పట్టుకుని కూర్చోవాలి, జిరాక్సు చూపిస్తే ఒప్పుకోరు. స్క్రీన్ మీద వచ్చే నాలుగంకెల కోడ్ చదివి వినిపించాలి. చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లయితే పక్కన ఒకరుంటే మేలు.

#12 వేపచెట్టు

ముఖం స్కాన్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. ప్లే స్టోర్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ దించాం. ఫోన్‌లో దాని బొమ్మే కనపడట్లేదు. మళ్లీ దించితే "ఇన్‌స్టాల్ అయింది" అంటోంది. ఏం చెయ్యాలి?

#13 మీసేవకిటికీ

అది అంతేనండీ. దానికి తెరవడానికి బొమ్మ ఉండదు, వెనకాల ఉండి పనిచేస్తుంది. మీరు తెరవాల్సింది జీవన్ ప్రమాణ్ యాప్. రెండూ ఫోన్‌లో ఉండాలి.

జీవన్ ప్రమాణ్ తెరవగానే ముందు "ఆపరేటర్" వివరాలు అడుగుతుంది. ఇక్కడే చాలామంది "మేము ఆపరేటర్లం కాదు" అని మూసేస్తారు. ఆపరేటర్ అంటే ఆ ఫోన్ పట్టుకున్న మనిషి. కొడుకైనా కోడలైనా, పెన్షనరే అయినా ఫర్వాలేదు. ఆ మనిషి ఆధార్ కొట్టి, ఓటీపీ ఇచ్చి, తన ముఖం ఒకసారి స్కాన్ చేస్తే ఆ ఫోన్ సిద్ధం. ఆ తర్వాత అదే ఫోన్‌లో పెన్షనర్ ఆధార్, మొబైల్, పీపీవో, ఖాతా వివరాలు, చివర్లో పెన్షనర్ ముఖం. అదే ఫోన్‌లో ఇంట్లో నలుగురు పెన్షనర్లకీ చెయ్యొచ్చు.

ముఖం పట్టకపోవడానికి ఎక్కువసార్లు కారణం వెలుతురు. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడతారు, ముఖం నల్లగా పడుతుంది. కిటికీ వైపు ముఖం తిప్పాలి, వెనకాల ఉత్త గోడ ఉండాలి. కళ్లజోడు తియ్యాలి. కంటి ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకున్నవాళ్లు డాక్టర్ సరేనన్నాకే చెయ్యాలి. ముఖం గుండ్రంలో ఇమిడాక రెప్పలు ఆడించమంటుంది. పెద్దవాళ్లు కెమెరా అనగానే ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయి కళ్లు పెద్దవి చేసి చూస్తారు. రెప్ప పడదు, గుండ్రం పచ్చబడదు. పక్కన నిలబడి "ఒకసారి కళ్లు మూసి తెరువు తాతయ్యా" అని చెబితే రెండు సెకన్లలో అయిపోతుంది.

#14 వేలిముద్ర

వేళ్ల సంగతి నాకు వదిలెయ్యండి.

స్క్రీన్ మీద వచ్చే అంకె చూడకుండా "రావట్లేదు, రేపు రండి" అని పంపేస్తారు. ఆ అంకెలోనే జవాబు ఉంటుంది.

300 అంటే వేలు సరిపోలేదు. వేలు మార్చి చూడాలి. 330 అంటే మీ బయోమెట్రిక్‌కి ఎవరో తాళం వేశారు, అంటే ఆధార్‌వాళ్ల ఎంఆధార్ యాప్‌లో లాక్ పెట్టారు. అప్పుడు వేలు ఎంత కడిగినా లాభం లేదు. యాప్‌లో తాత్కాలికంగా తెరవాలి, అదీ 10 నిమిషాలే తెరిచి ఉంటుంది. కాబట్టి కౌంటర్ దగ్గరికెళ్లాకే తెరవండి. ఇంటి దగ్గర తెరిచి ఆటో ఎక్కితే దిగేలోపు మళ్లీ పడిపోతుంది. 811 అంటే ఆధార్ దగ్గర ఆ రకం బయోమెట్రిక్ అసలు లేదు, ఆధార్ కేంద్రానికి వెళ్లి ఇవ్వాలి. 998 అంటే ఆధార్ నంబరే తప్పు కొట్టారు.

ఇక 300 వచ్చినప్పుడు. బొటనవేలే పెట్టాలన్న రూలు లేదు. పొలం పని, బీడీలు, సిమెంటు పని చేసినవాళ్లకి బొటనవేలు, చూపుడువేలు అరిగిపోతాయి. ఉంగరపు వేలు పెద్దగా అరగదు, ముందు దాన్ని పెట్టండి. చలికాలం చర్మం ఎండిపోయి గీతలు పడవు. చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, తడిబట్ట ఒకసారి అద్ది, ఆ తడి సగం ఆరాక పెట్టాలి. కొబ్బరినూనె రాసి అలాగే పెడితే స్కానర్ అద్దం జిడ్డు పట్టి తర్వాతవాళ్లకి కూడా పట్టదు, రాస్తే పూర్తిగా తుడవాలి. అద్దాన్ని కూడా మెత్తటి బట్టతో తుడవమని అడగండి. పొద్దుణ్ణించి నలభైమంది వేళ్లు పెట్టిన అద్దం అది.

వేలిని గట్టిగా నొక్కితే గీతలు అణిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆనించి ఉంచితే చాలు.

ఏ వేలూ పట్టకపోతే కనుపాప యంత్రం, అదీ లేకపోతే ముఖం. వేళ్ల కోసం నాలుగుసార్లు తిరిగేకన్నా ముఖంతో పోవడమే నయం.

#15 కృష్ణాతీరం

మంచం మీద ఉన్నవాళ్ల సంగతి?

#16 ఉప్పల్‌రోడ్

పోస్ట్‌మ్యాన్ ఇంటికొస్తడు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ సర్వీసు, జీఎస్టీతో కలిపి 70 రూపాయలు. పెన్షన్ ఏ బ్యాంకులో ఉన్నా చేస్తరు, పోస్టాఫీసుల ఖాతా ఉండాల్సిన పని లేదు. పోస్ట్ ఇన్ఫో యాప్‌ల గానీ, పోస్టాఫీసుల అడిగి గానీ బుక్ చేసుకోవాలె. వేలు పెట్టినంక సర్టిఫికెట్ మరునాటి నుంచి జీవన్ ప్రమాణ్ వెబ్‌సైట్‌ల దొరుకుతది, అక్కడికక్కడ కాయితం ఇయ్యలేదని కొట్లాడకుండ్రి.

ప్రభుత్వ బ్యాంకులు కూడా ఇంటికాడికొచ్చి కాయితం తీసుకునే సేవ పెట్టినయి. దానికి వేరే చార్జీ.

#17 పాతలెడ్జర్

కాగితమే ఇచ్చేవాళ్లకి రెండు మాటలు. పెన్షన్ ఖాతా ఉన్న బ్యాంకు ఏ శాఖలోనైనా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. "మీ శాఖకే వెళ్లండి" అనడానికి వీల్లేదు. తీసుకున్న శాఖే కంప్యూటర్‌లో ఎక్కించాలని, సంతకం చేసిన రసీదు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. కౌంటర్‌లో కాగితం పడేసి రాకండి. మీ కాపీ మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. పెన్షన్ ఆగినప్పుడు "ఎప్పుడిచ్చారు?" అని అడిగితే చూపించడానికి అదొక్కటే ఉంటుంది.

#18 కొబ్బరితోట

ఆంధ్రాలో నెలనెలా ఇచ్చే వృద్ధాప్య పింఛనుకి కూడా ఈ జీవన్ ప్రమాణ్ కావాలా? పల్లెల్లో దాని పేరు చెప్పి డబ్బులు అడుగుతున్నారు.

#19 సచివాలయంవీధి

అక్కర్లేదు బాబాయ్. ఎన్టీఆర్ భరోసా పింఛను వేరు, ఉద్యోగుల పెన్షన్ వేరు. వృద్ధులకి నెలకి 4 వేలు, 2024 జులై నుంచి. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి వేలో ముఖమో తీసుకుని ఇస్తారు. ఆ నెలనెలా గుర్తింపే మనిషి ఉన్నాడన్న రుజువు. వేరే సర్టిఫికెట్ పేరుతో ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

చూసుకోవాల్సింది ఊళ్లో లేకపోవడం. వరుసగా రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో మూడింటివీ కలిపి 12 వేలు తీసుకోవచ్చు. మూడో నెల కూడా తీసుకోకపోతే శాశ్వతంగా వలసపోయారని రాసి ఆపేస్తారు. అప్పుడు సచివాలయంలో మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. కాబట్టి హైదరాబాద్‌లో కూతురింటికి వెళ్లి మూడు నెలలు ఉండదలుచుకుంటే మధ్యలో ఒక ఒకటో తారీఖుకి ఇంటికి రావాలి. అక్కడే ఉండిపోయేలా ఉంటే, రాష్ట్రంలోనే వేరే ఊరైతే పింఛను అక్కడికి మార్పించుకోవడం సులువు.

#20 బాయిలర్‌గేట్

ఫోన్లు కూడా వస్తున్నాయి. "మీ లైఫ్ సర్టిఫికెట్ అయిపోతోంది, ఓటీపీ చెప్పండి, మేమే చేస్తాం" అంటున్నారు. పీపీవో నంబరు, రిటైరైన తేదీ కూడా చెబుతున్నారు, అందుకే నమ్ముతున్నారు.

#21 మీసేవకిటికీ

ఫోన్‌లో మాట్లాడి లైఫ్ సర్టిఫికెట్ చేసే పద్ధతే లేదు. వేలో, కనుపాపో, ముఖమో లేకుండా అది తయారుకాదు. కాబట్టి వట్టి ఓటీపీ అడిగారంటే అది సర్టిఫికెట్ కోసం కాదు, ఖాతా కోసం. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఒక్క మాట అర్థమైతే చాలు.

#22 వేపచెట్టు

ఆఖరి ప్రశ్న. తిరస్కరించారని తెలిసేదెలా? తెలిశాక పాతదాన్ని రద్దు చేయించాలా?

#23 పాతలెడ్జర్

జీవన్ ప్రమాణ్ వెబ్‌సైట్‌లో పెన్షనర్ లాగిన్‌కి వెళ్లి, ప్రమాణ్ ఐడీ కొట్టి, ఓటీపీ ఇస్తే స్థితి కనపడుతుంది, సర్టిఫికెట్ కూడా దిగుతుంది. ఇచ్చిన రోజే చూస్తే ఏమీ తేలదు, వారం ఆగి చూడండి. పాతదాన్ని రద్దు చేయించే పని లేదు. ఏది తప్పో చూసి, సరైన వివరాలతో ఇంకోటి ఇవ్వడమే. కొత్త ఐడీ వస్తుంది, ఇక దాన్నే గమనించండి.

అందుకే నవంబర్ మొదటి వారంలో ఇవ్వమంటాను. 28వ తారీఖున ఇచ్చి 5వ తారీఖున తిరస్కారం చూసుకుంటే గడువు దాటిపోయి ఉంటుంది.

గడువు దాటినా పెన్షన్ పోదు, ఆగుతుంది, అంతే. సర్టిఫికెట్ అందాక ఆగిన నెలల బకాయితో కలిపి వేస్తారు. కేంద్ర పెన్షన్ మూడేళ్లకి మించి ఆగిపోతే మాత్రం బ్యాంకు తనంతట తాను తిరిగి మొదలుపెట్టలేదు, కేంద్ర పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసు ద్వారా అనుమతి రావాలి. అందులో నెలలు గడుస్తాయి.

#24 కృష్ణాతీరం

పిన్ చేశాను. ఉప్పల్‌రోడ్ అన్నా, ఆంధ్ర ట్రెజరీ జనవరి గడువు సంగతి మొదటి పోస్టులోకి ఎక్కిస్తున్నాను, హైదరాబాద్‌వాళ్లు అది చూడకుండా పోతున్నారు. వేలిముద్ర గారు, ఆ అంకెల పోస్టు ప్రింటు తీసి మా వీధి నెట్ సెంటర్ గోడకి అంటించవచ్చా?

#25 వేలిముద్ర

అంటించండి. స్కానర్‌కి ఎదురుగా, ఆపరేటర్‌కి కనపడేట్టు.